అంచు చుక్కలు

'మా మిన్నులో కనిపించని చుక్క లేదు.' ఈ మాట రాసింది నేనే. ప్రకటనల వాళ్లు రకరకాలుగా రాసి తెస్తే ఒక్కటీ నచ్చక, మా అమ్మాయి బొమ్మల కాగితం వెనక నేనే రాసిచ్చాను. ఆ రోజు ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియదు.

మిన్ను అంటే గదికప్పుకు అంటించే పలచటి రేకు. విశాఖపట్నంలో రాత్రి ఆకాశం అనేది మిగల్లేదు. ఓడరేవు దీపాలు, కార్ఖానాల వెలుగు, హోర్డింగులు అన్నీ కలిసి దాన్ని పసుపు కలిపిన నీళ్లలా చేశాయి. మేడ మీద పెట్టిన మా కెమెరా ఆ ఊరి వెలుగునంతా తీసేసి, మిగిలిన అసలు ఆకాశాన్ని కింద రేకు మీదికి పంపుతుంది. మబ్బు పట్టిన రోజున, పగటిపూట, దాచిపెట్టిన ఆకాశాన్ని చూపిస్తుంది. పడకగదిలో వెల్లకిలా పడుకుంటే తలపైన పాలపుంత.

ఇంతవరకూ ఇతరులూ చేశారు. నా గొప్పంతా తర్వాతి పనిలో ఉంది. ఫ్యాను కొక్కెం పక్కన శనగగింజంత కెమెరాలు రెండు పెట్టాను. అవి కిందికి, పడుకున్న మనిషి కళ్లలోకి చూస్తాయి. ఒక చుక్క పేరు వినబడగానే ఆ మనిషి చూపు అటు వెళ్లిందో లేదో గమనిస్తాయి. వెళ్లకపోతే ఆ చుక్క వెలుగు కాస్త పెంచుతాయి. అయినా వెళ్లకపోతే ఇంకాస్త. అలా ఎవరి కంటికి తగ్గట్టు వాళ్లకు ఆకాశాన్ని దిద్దుతుంది మిన్ను. శుక్లాలు ముదిరిన మా అత్తగారు మా ఇంట్లో పడుకుని పిల్లలకోడిలో, అదే కృత్తికల్లో, ఆరు చుక్కలూ లెక్కపెట్టి, "నా చిన్నప్పటి చుక్కలయ్యా ఇవి, విశ్వంభరం" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ రోజు నా కాళ్లు నేల మీద లేవు.

బజారులోకి వదిలేముందు మూడువందల నలభై ఇళ్లలో పరీక్షకు పెట్టాం. అందులో మొదటి ఇల్లు మాదే. మొదటి కళ్లు మా ధృతివి. అప్పుడు దానికి ఐదేళ్లు నిండాయి.

వారానికొకసారి భోజనాలయ్యాక ఏడున్నరకు మా పరీక్ష. ధృతి చేతిలో ఒక మీట ఉంటుంది. నేను పక్కన పడుకుని చుక్క పేరు చెబుతాను, రేకు లోంచి సన్నగా గంట మోగుతుంది, చుక్క కనబడగానే అది మీట నొక్కాలి. తల కదపకూడదు, కళ్లు మాత్రమే తిప్పాలి. తల కదిపితే లెక్క పాడవుతుంది. మొదట్లో దానికి ఇది పండగలా ఉండేది. వారమంతా ఎదురుచూసేది.

"కృత్తికలు."

టక్.

"రోహిణి."

టక్.

"అగస్త్యుడు."

చప్పుడు లేదు.

"ధృతీ, అగస్త్యుడు. కిటికీ వైపు, అంచున."

"అక్కడేం లేదు నాన్నా."

నేను చూశాను. తళతళా మెరుస్తున్నాడు అగస్త్యుడు.

"ఉంది. సరిగ్గా చూడు."

"చూస్తున్నా. అక్కడంతా నల్లగా ఉంది." అని, ఓపిక పట్టలేక తల మొత్తం అటు తిప్పేసింది. "ఆఁ! ఇప్పుడొచ్చింది!"

"తల తిప్పొద్దని చెప్పానా లేదా?"

"తిప్పితేనే వస్తోంది నాన్నా."

ఐదేళ్ల పిల్ల అంతకంటే తేటగా ఏం చెప్పగలదు? ఏ చదువూ లేని తండ్రి అయితే ఆ మాటకు ఉలిక్కిపడి ఉండేవాడు. నేను చదువుకున్నవాణ్ణి. 'తల కదిలింది, చెల్లదు' అని రాసుకున్నాను.

ఐదు నెలలు అలాగే సాగింది. నడినెత్తి చుక్కలన్నిటికీ మీట టక్కుమనేది. అంచు చుక్కలకు మిన్ను ఎంతో పెంచితే గానీ నొక్కేది కాదు, కొన్నిటికి అసలే నొక్కేది కాదు. మూడువందల నలభై ఇళ్లలోనూ అన్నిటికంటే పేలవమైన ఫలితాలు తయారుచేసినవాడి ఇంటివే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నేను ఇంట్లోనే ఓడిపోతున్నాను. ల్యాబులో ఎవరూ పైకి ఏమీ అనలేదు, కానీ ఆ కాగితాలు చూస్తున్నప్పుడు వాళ్ల మర్యాద నాకు భరించరానిదిగా ఉండేది.

పిల్లలు ఆడుకుంటూ చేసిన పరీక్షలను లెక్కలోంచి తప్పించడానికి మా పట్టికలో 'అశ్రద్ధ' అని ఒక గడి ఉంది. దాన్ని పెట్టించింది కూడా నేనే. ఒక సాయంత్రం కూర్చుని, మా ధృతి ఇరవై ఒక్క పరీక్షలకు ఆ గడిలో వరసగా టిక్కులు పెట్టాను. కాఫీ చల్లారేలోపు పని అయిపోయింది.

ఆ వారమే పరీక్షలో అది మళ్లీ "లేదు" అంటే నాకు కోపం వచ్చింది. "నీ వల్ల నాన్న పని పాడవుతోంది, తెలుసా?" అన్నాను. అది మీటను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని పైకి చూస్తూ ఉండిపోయింది.

తర్వాత పది రోజులకు మా మరదలి పెళ్లి విజయనగరంలో అయింది. వైశాఖమాసం, మిట్టమధ్యాహ్నం ఎండ పెళపెళలాడుతోంది. తలంబ్రాలయ్యాక పంతులుగారు వధూవరులను మండపం బయటికి తీసుకొచ్చి ఉత్తరం వైపు వేలు చూపించారు.

"అదుగోనమ్మా, సప్తర్షి మండలం. వశిష్ఠుల వారి పక్కనే అరుంధతి. కనిపించిందా?"

"కనిపించిందండీ," అంది మా మరదలు, ఎండకు కళ్లు చికిలించి.

"బాబూ, తమకు?"

"కనిపించిందండీ."

ధృతి నా చంకలో ఉంది. చాలాసేపు ఆకాశంలోకి చూసి, నా చెవిలో అడిగింది. "నీకు కనిపించిందా నాన్నా?"

"పగలు చుక్కలెలా కనిపిస్తాయే?"

"మరి పిన్ని కనిపించిందందిగా?"

"అలా అనాలమ్మా. పెద్దవాళ్లు చుక్కను చూపించినప్పుడు కనిపించిందనడమే మర్యాద. అమ్మా నేనూ కూడా మా పెళ్లిలో అలాగే అన్నాం."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ధృతి నవ్వలేదు, బాగా అర్థమైనట్టు తల ఊపింది.

ఆ మరుసటి వారం నుంచి మా ఇంటి ఫలితాలు నూటికి నూరు. గంట మోగడం ఆలస్యం, టక్. అగస్త్యుడికి టక్. ధ్రువుడికి టక్. ఏ అంచున ఏ చుక్క పేరు చెప్పినా టక్. నెలరోజుల కిందట నేను వెలుగు పెంచే పద్ధతిలో చిన్న మార్పు చేసి ఉన్నాను. ఇదంతా ఆ మార్పు చలవే అనుకున్నాను. మా ధృతి గ్రాఫును పెద్దది చేయించి ప్రదర్శనలో మొదటి పేజీగా పెట్టాను. దానికి రంగు పెన్సిళ్ల పెట్టె కొనిచ్చాను. "బాగా చూశానా నాన్నా?" అని అడిగితే, "నీ అంత బాగా ఎవరూ చూడలేదు" అన్నాను.

ఆ వానాకాలంలో ధృతి తలుపు చెక్కలకు తగలడం ఎక్కువైంది. మా గదుల్లో మిన్ను వెలుగు వెన్నెలలా పరుచుకుని ఉంటుంది కాబట్టి ఇంట్లో రాత్రిళ్లు బాగానే తిరిగేది. వసారాలో, మెట్ల మీద మాత్రం నా చొక్కా పట్టుకుని నడిచేది. "ఆకాశంలో చూస్తూ నడుస్తావేంటే" అని ఎగతాళి చేసేవాణ్ణి. ఒక సాయంత్రం కరెంటు పోయినప్పుడు అపార్ట్‌మెంటు మెట్ల మీద నాలుగు మెట్లు దొర్లి మోకాలు చీరుకుపోయింది. నా భార్య హైమ పసుపు అద్దుతూ అంది.

"ఏవండీ, దీన్నోసారి కళ్ల డాక్టరుకి చూపిద్దామా? నాకేదో అనుమానంగా ఉంది."

"కళ్లకేమైంది? నెలల తరబడి రికార్డుంది నా దగ్గర. నూటికి నూరు. ఏ డాక్టరు దగ్గర ఉంటుంది అంత పరీక్ష?"

"అది కాదండీ, చీకట్లో..."

"చీకట్లో ఎవరైనా పడతారు హైమా."

హైమ ఓడరేవు ఆఫీసులో పనిచేస్తుంది. ఆకాశం విషయం, కళ్ల విషయం నాకే బాగా తెలుసని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్ని కలిగించడానికి నేను తొమ్మిదేళ్లు కష్టపడ్డాను. హైమ మళ్లీ అడగలేదు.

నవంబరులో, మిన్నును బజారులోకి వదలడానికి ఏడు వారాలుందనగా, యూసుఫ్ నా గదిలోకి వచ్చాడు. రేకుల మరమ్మతు లెక్కలు చూసే కుర్రాడతను. మాటకు ముందు మూడుసార్లు సారీ చెప్పే మనిషి.

"సార్, సారీ. మీ ఇంటి రేకు అంచులు మళ్లీ కాలిపోయాయి. కొత్తది వేసి రెండు నెలలు కూడా కాలేదు సార్."

"పాడు సరుకు పంపించి ఉంటారు. ఇంకోటి వేయించు."

"రెండుసార్లు వేయించాను సార్." అతను టాబ్లెట్ నా ముందు పెట్టాడు. మా పడకగది కప్పు మీద మిన్ను ఎక్కడ ఎంత వెలుగు పెంచిందో చూపే బొమ్మ. నడుమ పళ్లెమంత మేర మామూలు వెలుగు. దాని చుట్టూ తెల్లగా మండిపోతున్న వలయం. నెలల వారీగా పేజీలు తిప్పాడు. పేజీ పేజీకీ నడిమి పళ్లెం చిన్నదవుతోంది. "సరుకు లోపమైతే కొత్త రేకుతో పోవాలి కదా సార్. పోలేదు. సెప్టెంబరులో మీరు మంచం ఇటు గోడకి జరిపారు. వలయం కూడా ఇటే జరిగింది. అది రేకుది కాదు సార్. పడుకున్న మనిషిది."

"పాప నూటికి నూరు నొక్కుతోంది కదయ్యా!"

"నొక్కుతోంది సార్. కానీ చూపు అటు వెళ్లట్లేదు. చూపు వెళ్లట్లేదు కాబట్టే మిన్ను పెంచుతోంది." అతను తల వంచుకున్నాడు. "సారీ సార్. నేను రెండు నెలల కిందే చెప్పాల్సింది. మీ అమ్మాయి కదా అని..."

నేను ఇంటికి వచ్చేసరికి నాలుగు దాటింది. ధృతి అప్పుడే బడి నుంచి వచ్చి పాలు తాగుతోంది. "ఇప్పుడు చుక్కలాట ఆడదామా?" అంటే గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తుకొచ్చింది. కిటికీలకు మందపాటి తెరలు లాగాను. గది చీకటైంది. ఇద్దరం పడుకున్నాం. నేను రేకును మొత్తం ఆపేశాను. గంట ఒక్కటే ఉంచాను. పైన ఏమీ లేదు, నల్లటి కప్పు తప్ప.

"కృత్తికలు," అన్నాను.

టక్.

"రోహిణి."

టక్.

"అగస్త్యుడు."

టక్.

"కనిపించిందా ధృతీ?"

"కనిపించింది నాన్నా."

"ఎక్కడ?"

చీకట్లో దాని చెయ్యి పైకి లేచిన అలికిడి. "అదుగో, కిటికీ వైపు."

"అక్కడ ఏమీ లేదమ్మా. నేను ఆపేశాను," అన్నాను.

అది బెదిరిపోయింది. లేచి కూర్చుని నా మొహం కోసం చేత్తో తడిమింది. "గంట మోగగానే నొక్కాను నాన్నా. పిన్ని చెప్పినట్టే చెప్పాను. నీ పని పాడవ్వలేదు కదా?"

సిగ్గు అనే మాటను అంతకుముందు చాలాసార్లు వాడాను. దాని అర్థం నాకు తెలిసింది ఆ చీకటి గదిలోనే. నా కూతురి చేతివేళ్లు నా కళ్ల మీదికి వచ్చి తడి తగిలి ఆగిపోయాయి.

కళ్ల ఆసుపత్రిలో డాక్టర్ అనసూయ గారు రెండు గంటలు పరీక్ష చేశారు. రేచీకటితో మొదలయ్యే జబ్బు. రెటీనా అంచుల నుంచి లోపలికి ఆరిపోతూ వస్తుంది. ఇప్పుడు దీనికి మందు ఉంది, ఒక్కో కంటికీ ఒక్కసారి వేసే సూది. పోయిన చూపును తీసుకురాదు, ఉన్నదాన్ని నిలబెడుతుంది.

"ఎంత ఉంది?" అని అడిగింది హైమ.

"నడుమ మూడోవంతు కంటే తక్కువ. ఏడాది ముందు తీసుకొచ్చి ఉంటే సగం పైన నిలిచేది." ఆవిడ కాగితాల మీంచి తల ఎత్తారు. "సాధారణంగా ఇలాంటి పిల్లల్ని ఎవరు పట్టిస్తారో తెలుసా? పిల్లలే. చుక్కలు చూపిస్తుంటే నాకు కనిపించట్లేదంటారు. మీ పాప ఎప్పుడూ అనలేదా?"

హైమ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"ఇంకో సంగతి," అన్నారు డాక్టరు గారు. "చూపు ఎంత వేగంగా పోతోందో తెలిస్తే గానీ మందు మోతాదు తేల్చలేం. ఎక్కువైతే నడిమి చూపుకే ముప్పు. తక్కువైతే ఆగదు. పాత పరీక్షలేమైనా ఉన్నాయా? స్కూల్లో చేసినవైనా సరే."

ఉన్నాయి. ఏ ఆసుపత్రిలోనూ లేనన్ని ఉన్నాయి. 'అశ్రద్ధ' అని నేను తప్పించిన ఇరవై ఒకటి, దాని తర్వాత ఏడు నెలల వెలుగు లెక్కలు. గడిలో టిక్కు పెడితే లెక్కలోంచి పోతాయే గానీ చెరిగిపోవు. వాటిని బయటికి ఇవ్వాలంటే ల్యాబు అనుమతి కావాలి. అనుమతి అడగడమంటే మొదటి పేజీ గ్రాఫు బూటకమని, మా మిన్ను పిల్లల జబ్బును కప్పిపెడుతుందని నా నోటితో నేను చెప్పడం. ఏడు వారాల్లో విడుదల. పదకొండేళ్ల పని.

నేను వెంటనే వెళ్లి చెప్పానని రాయాలని ఉంది. చెప్పలేదు. "వెతికి చూస్తానండీ" అని వచ్చేశాను. ఒక రాత్రి, ఒక పగలు ఊరుకున్నాను. వేరే దారి ఉందేమో, వేరే ఆసుపత్రిలో ఆ లెక్కలు అడగరేమో అని ఫోన్లు కూడా చేశాను. నా కూతురి కళ్లు ఒక వైపు, నా పేరు ఒక వైపు పెట్టి ఒక రోజంతా తూకం చూసినవాణ్ణి నేను. ఇది హైమకు ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

మర్నాడు సాయంత్రం వంటింట్లో మిగతాదంతా చెప్పాను. హైమ స్టవ్ ఆపేసి విన్నది. అరవలేదు, ఏడవలేదు.

"మెట్ల మీద పడ్డ రోజున నేను అడిగాను."

"అడిగావు."

"మీరేమన్నారు?"

"హైమా..."

"నా నోటితో ఎందుకు అనిపిస్తారు? మీరే అనండి."

"నూటికి నూరు అన్నాను."

"ఇంకోసారి అనండి."

అన్నాను. హైమ పక్కకు తిరిగి అన్నం గిన్నె దించుకుని, ధృతికి కలిపి పెట్టడానికి వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు ఆవిడ నాతో పిల్ల మందుల గురించి తప్ప మాట్లాడలేదు.

ల్యాబులో అందరి ముందు చెప్పాను. యూసుఫ్ చివరి వరసలో కూర్చుని బల్ల వంక చూస్తున్నాడు. మిన్ను విడుదల ఆగిపోయింది. మూడువందల నలభై ఇళ్ల వెలుగు లెక్కలూ తిరగేస్తే ఇంకో ఇద్దరు పిల్లల ఇళ్లలో అదే వలయం దొరికింది. అందులో ఒకరి తండ్రి గాజువాక నుంచి వచ్చాడు, వెల్డింగు పనిచేసే మనిషి. నా రెండు చేతులూ పట్టుకుని, "తొందరగా కనిపెట్టారు సార్, మా బాబుకి సగం పైనే ఉందంట. మీ రుణం తీర్చుకోలేను," అన్నాడు. కనిపెట్టింది నేను కాదు. అదే చెప్పాను. అతను అది నా పెద్దమనసు అనుకుని దండం పెట్టాడు. ఆ దండానికి బదులు చెంప మీద కొట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

లెక్కలు డాక్టరు గారికి చేరాయి. మోతాదు తేలింది. ఫిబ్రవరిలో ధృతి కుడికంటికి సూది వేశారు. మూడు నెలలాగి పరీక్షించి, చూపు తరగడం ఆగిందని తేలితేనే అదే మోతాదు ఎడమకంటికి. ఆగకపోతే మోతాదు మార్చాలి. ఆ ఒక్క పరీక్ష మీద రెండో కన్ను ఆధారపడి ఉంది.

నిన్ననే ఆ పరీక్ష. చీకటి గదిలో గిన్నె లాంటి తెల్లటి యంత్రం. దాని ముందు స్టూలు మీద ధృతి గడ్డం ఆనించి కూర్చుంది. ఎడమకంటికి గంత కట్టారు. గిన్నె లోపల చిన్న చిన్న వెలుగు చుక్కలు ఒక్కోటీ వచ్చి పోతాయి, కనిపిస్తే ఉందనాలి, లేకపోతే లేదనాలి. తోడుగా నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. హైమకు ఆఫీసులో సెలవు దొరకలేదు.

"రెడీనా ధృతీ?" అన్నారు డాక్టరు గారు. "మొదలెడుతున్నా. ఇప్పుడు?"

ధృతి గడ్డం తీసి వెనక్కి తిరిగింది. ఆ కొద్దిపాటి చూపుతో గది అంతా వెతికి, చివరికి నా మొహం పట్టుకుంది.

"ఎన్ని ఉన్నాయనాలి నాన్నా?"

నేను ఏదో చెప్పబోయాను. నీకు కనిపించినన్నే చెప్పమ్మా అనే అనబోయాను. కానీ అది నా మాట వినడం లేదు. నా పెదవులు, నా కనుబొమలు చూస్తోంది. నాకు ఏ జవాబు ఇష్టమో అక్కడ వెతుకుతోంది.

డాక్టరు గారికి అర్థమైంది. "మీరు కాస్త బయట కూర్చోండి," అన్నారు మెల్లగా.

బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాను. వరండాలో బల్ల మీద కూర్చున్నాను. మొదట ఏమీ వినబడలేదు. తర్వాత డాక్టరు గారు "ఇప్పుడు?" అనడం, కాసేపాగి ధృతి గొంతు.

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు?"

"ఉంది. ఇప్పుడు లేదు. లేదు. ఉంది."

ఏడాది తర్వాత నా కూతురు తనకు కనిపించింది కనిపించినట్టు చెబుతోంది. నా అడుగుల చప్పుడు గానీ, దగ్గు గానీ లోపలికి వినబడుతుందేమోనని, నేను లేచి మెల్లగా వరండా చివరికి వెళ్లి కూర్చున్నాను.